రాహేలా? రేచలా?

తెలుగు పండితుడు ఎదురైతే పిల్లకు పేరు చెప్పమని అడగడం మా వైపు పాత ఆచారమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – ఈ మూడు ఊళ్ళ చుట్టూనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కనుక ఆ భారం నా మీద కొంచెం ఎక్కువగానే పడింది. అశ్విని నక్షత్రమైతే చూ, చే, చో, లా. "చూడామణి" అంటే నచ్చదు, "చేమంతి" అంటే నవ్వుతారు, చివరికి నాలుగవ పాదానికి జరిగి "లావణ్య" దగ్గర ఆగుతారు. ఇటువంటి బేరాలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఈ నాలుగైదు సంవత్సరాలుగా మాత్రం కొత్త కోరిక ఒకటి వినబడుతోంది. "సార్, ఆడపిల్ల పుట్టింది. హీబ్రూ పేరు కావాలి. అర్థం బాగుండాలి, చుట్టుప్రక్కల ఎవరికీ లేనిదై ఉండాలి."

అడిగేవారు క్రైస్తవ కుటుంబాల పిల్లలు, నా దగ్గర చదువుకొన్నవారు. నేను క్రైస్తవుణ్ణి కాను, హీబ్రూ పండితుణ్ణి అసలే కాను. అయితే తెలుగు బైబిలును ఒక వచన గ్రంథంగా చాలా మార్లు చదివాను. ఒక భాషలోని పేరు మరొక భాషలోకి ఎట్లా నడిచి వస్తుందో, దారిలో ఏ అక్షరం పోగొట్టుకొని ఏ అక్షరం తెచ్చుకొంటుందో గమనించడం పండిత శిక్షణ నాటి నుంచి నాకున్న వ్యసనం. ఆ మాత్రం అధికారంతోనే ఈ టపా వ్రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పివేస్తాను. హీబ్రూ పేరు కోసం ఫోనులో వెతుకుతున్న మా పిల్లలకు ఆ పేరు ఇంట్లోనే ఉంది. నాయనమ్మకు ఉంది. దాన్ని మోటు పేరని ప్రక్కకు నెట్టి, దాని ఇంగ్లీషు నీడను హీబ్రూ అనుకొని తెచ్చుకొంటున్నారు.

మొన్నటి వేసవిలో కోదాడ పూర్వ విద్యార్థిని ఒకామె పంపిన పట్టికే దీనికి ఉదాహరణ. ఇరవై పేర్లున్నాయి. అన్నిటికన్నా పైన "రేచల్ – హీబ్రూ" అని ఉంది. ఆమె అత్తగారి పేరు రాహేలమ్మ అని నాకు తెలుసు. "బాగుంది తల్లీ, మీ అత్తయ్య పేరే గదా" అన్నాను. "అత్తయ్యది పాతకాలపు పల్లెటూరి పేరు సార్, ఇది బైబిలు పేరు" అంది. నేను నవ్వలేదు. చదువుకొన్న పిల్ల, ప్రతి ఆదివారం బైబిలు తెరిచే పిల్ల. రాహేలు, రేచల్ ఒకరేనన్న సంగతి ఆమెకు తట్టలేదంటే తప్పు ఆమెది కాదు. ఆ రెండు పేర్ల మధ్య మనం అంత దూరం పెంచుకొన్నాం.

పట్టికలోని మిగతా పేర్ల సంగతి ముందు తేల్చుకొందాం. ఏంజెలా గ్రీకు. స్టెల్లా లాటిన్, నక్షత్రమని అర్థం. లిడియా చిన్న ఆసియాలోని ఒక ప్రాంతం పేరు. గ్రేస్ ఇంగ్లీషు మాట. జెస్సికా షేక్‌స్పియర్ నాటకంలో షైలాక్ కూతురి పేరు; ఆదికాండంలోని ఇస్కా అన్న పేరును అతడు అట్లా మలిచాడని పండితుల ఊహ. ఎస్తేరు కూడా హీబ్రూ కాదని అంటే చాలామంది నమ్మరు. అది పారశీకంలో నక్షత్రమన్న మాటకు సంబంధించినదని కొందరు, బాబిలోను దేవత ఇష్తారు పేరని కొందరు చెబుతారు. ఆమె అసలు హీబ్రూ పేరు హదస్సా. సువాసన గల ఒక చెట్టు పేరది. ఈ రెండు పేర్ల విషయం మళ్ళీ చెప్పవలసి వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక రాహేలు. హీబ్రూలో ఈ పేరు నడుమనున్న అక్షరం గొంతులోంచి గట్టిగా పలికే హకారం వంటిది. గ్రీకువారు దాన్ని తమ ఖకారం వంటి అక్షరంతో వ్రాసుకొన్నారు. లాటిన్‌వారు దానికి రెండక్షరాల గుర్తు పెట్టారు. ఆ గుర్తును ఇంగ్లీషువారు తమ అలవాటు కొద్దీ "చ" అని చదివారు. హీబ్రూలో చకారం లేదు! అంటే "రేచల్" అన్నప్పుడు మనం పలుకుతున్నది ఒక లిపి ప్రమాదాన్ని. తెలుగు బైబిలు వ్రాసినవారు "రాహేలు" అని హకారం వేశారు. హీబ్రూ తల్లి తన బిడ్డను పిలిచే పిలుపుకు దగ్గరగా ఉన్నది మా రాహేలమ్మ పేరే.

ఇదొక్కటే కాదు. ఇంగ్లీషులో రెబెక్కా అంటారు, తెలుగులో రిబ్కా. హీబ్రూలో బకారానికీ కకారానికీ మధ్య అచ్చు లేదు. అది గ్రీకువారు చేర్చినది. సంయుక్తాక్షరాలకు భయపడని భాష మనది కనుక "బ్కా" అని ధైర్యంగా వ్రాసుకొన్నాం. (ఇప్పటి హీబ్రూలో ఆ బకారం వకారంగా పలుకుతుంది, అది వేరే సంగతి.) ఇంగ్లీషులో జెమీమా, తెలుగులో యెమీమా, హీబ్రూలో ఉన్నది యకారమే. ఇంగ్లీషులో ఈవ్, తెలుగులో హవ్వ. జీవమని అర్థం వచ్చే ఆ పేరులోని హకారం, వకార ద్విత్వం మనవాళ్ళు పోగొట్టలేదు. ఇన్ని ఋజువులుండగా "హవ్వ" నాటు, "ఈవ్" నాజూకు అనుకొనే పిల్లలతో ఏమి చెప్పగలం?

వ్యాకరణం మాట కూడా ఒకటి చెప్పనివ్వండి, ఇది లేకుండా నా టపా పూర్తికాదు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉండి తీరాలి. అందుకే రూత్ మన దగ్గర రూతు అయింది, ఎస్తేర్ ఎస్తేరు అయింది. ఇక హీబ్రూ ఆడవారి పేర్లు చాలా వరకు ఆకారంతో ముగుస్తాయి: హన్నా, లేయా, దెబోరా. సంస్కృతంలోనూ అంతే గదా: సీతా, రమా, లతా. ఆ ఆకారాన్ని తెలుగు హ్రస్వం చేస్తుందని చిన్నయ సూరి బాలవ్యాకరణం చదివినవారందరికీ తెలుసు. సీతా సీత అయినట్లే హన్నా హన్న అయింది. దానికి అమ్మ చేరితే సీతమ్మ, హన్నమ్మ. రూతు, ఎస్తేరు అన్నవాటికి ఉత్వసంధి జరిగి రూతమ్మ, ఎస్తేరమ్మ. 1858లో బాలవ్యాకరణం అచ్చయినప్పుడు సూరిగారు యెరూషలేము పేర్లను తలచి సూత్రాలు వ్రాయలేదు. అయినా ఆ సూత్రాలు ఈ పేర్లకు అక్షరం పొల్లుపోకుండా పనిచేశాయి. మాల మాదిగ వాడల్లో అక్షరం రాని తల్లులు, సూరిగారి పేరే వినని తల్లులు, ఆ సంధికార్యం తప్పు లేకుండా చేశారు.

ఆ "అమ్మ" గురించి ఇంకా చెప్పవలసింది ఉంది. అసలు సంగతి అక్కడే ఉంది.

గడీల కాలంలో మా ప్రాంతపు దళిత స్త్రీకి పేరు చివర అమ్మ ఉండేది కాదు. తల్లి పెట్టిన పేరు మల్లమ్మే కావచ్చు, దొరవాకిట్లో ఆమె మల్లి. ఎల్లమ్మ ఎల్లి. మగవాడు మల్లయ్య కాడు, మల్లిగాడు. అమ్మ, అయ్య అన్న రెండక్షరాలకు కూడా కులం అర్హత అయిన రోజులవి. దిష్టి తగలకూడదనో, పుట్టినవాళ్ళు దక్కడం లేదనో పెట్టుకొన్న పెంటమ్మ, పుల్లమ్మ వంటి పేర్లు పై కులాల్లోనూ ఉండేవి. అయితే అక్కడ అవి ముద్దుపేర్లు, ఇక్కడ అవి బ్రతుకంతా మోయవలసిన పేర్లు. 1890 ప్రాంతంలో నల్లగొండకు అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ వచ్చాడు. రష్యా సామ్రాజ్యంలో స్థిరపడి ఇంట జర్మను మాట్లాడుకొనే మెన్నోనైటు కుటుంబాలవాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేశాడు. తరువాత సూర్యాపేటలోనూ మిషను వెలిసింది. ఆ మార్గంలో మా పల్లెల్లోకి రాహేలు, రిబ్కా, మార్త, రూతు నడిచి వచ్చారు. మతం మార్పు మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. పేర్ల వరకు జరిగిందేమిటో మాత్రం నేను విన్నాను. మిర్యాలగూడలో మా వీధి చివర ఉండిన ఒక ముసలమ్మ ఒకసారి అన్నది: "వారం దినాలు మార్తీ అని పిలిచేటోళ్ళు సారూ. ఆదివారం మందిరంల మాత్రం పుస్తకం తెరిచి మార్తమ్మా అని పిలిచేది. ఆ పిలుపు కోసరమే పోయేదాన్ని అంటే దేవుడు కోపం జేస్తడేమో." ఆమె చనిపోయి చాలా ఏళ్ళయింది. "మార్తమ్మ" అంటే నాకు బైబిల్లోని బేతనియ ఇల్లు గుర్తుకు రాదు, ఆ ముసలమ్మే గుర్తుకు వస్తుంది.

మనుమరాలు నాగరికంగా లేదని తీసివేస్తున్న "అమ్మ" అది. నాయనమ్మ దాన్ని ఊరికే పొందలేదు.

(మార్త కూడా హీబ్రూ కాదు, అరమేయిక్. ఇంటి యజమానురాలు, దొరసాని అని అర్థం! ఈ అర్థం ఆ ముసలమ్మ బ్రతికుండగా ఆమెకు చెప్పే అవకాశం దొరికింది. చాలాసేపు నవ్వింది.)

సరే, అర్థాలు అడుగుతారు గనుక నాకు నచ్చిన కొన్ని చెబుతాను. దెబోరా అంటే తేనెటీగ. ఖర్జూర చెట్టు క్రింద కూర్చుండి తీర్పులు చెప్పిన స్త్రీ ఆమె. శ్రీశైలంలో భ్రమరాంబను కొలిచే మనకు తుమ్మెద పేరు కొత్త కాదు. సిప్పోరా అంటే పిట్ట, మన చిలకమ్మ. తామారు ఖర్జూర చెట్టు. పేరు గంభీరమైనదే, కాని తెలుగు చెవికి తామర పువ్వు కంటే ముందు తామర జబ్బు తగులుతుంది. బడిలో పిల్లలు ఊరుకోరు. దీనా అంటే న్యాయం, తీర్పు. మనకు వినబడేది దీనురాలు. దావీదు భార్య మీకాలు పేరు పెట్టుకొన్న పిల్ల నా తరగతిలో లేదు, ఉంటే "మీ కాలా, మా కాలా" అని ఎన్ని హాస్యాలు పుట్టేవో! మిర్యాము అన్న పేరు మిర్యాలగూడ పిల్లకు పెడితే ఊరి పేరు కలిసివస్తుందని ఒకరితో హాస్యమాడాను. పెట్టలేదు లెండి.

రాహేలుకు అర్థం ఆడగొర్రె. ఇది చెప్పేసరికి నా విద్యార్థిని ముఖం చిన్నబోయింది. "గొర్రె అనా సార్?" అంది. ఎందుకమ్మా చిన్నతనం? రెండేళ్ళకొకమారు సూర్యాపేట ప్రక్కన దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. పెద్దగట్టు జాతర అంటే తెలియనివారు మా జిల్లాలో లేరు. గొర్రెల సంపదను నమ్ముకొన్న లక్షలాది జనం అక్కడ గజ్జెల లాగులతో, భేరీలతో దేవుణ్ణి కొలుస్తారు. గొర్రె మా నేల మీద సిరి. బైబిల్లో యాకోబు రాహేలును మొదటిసారి చూసినప్పుడు ఆమె చేస్తున్న పని కూడా తండ్రి గొర్రెల మందను బావి వద్దకు తోలుకొని రావడమే. పెద్దగట్టు క్రింద పుట్టిన పిల్లకు ఇంతకంటే అమరిన హీబ్రూ పేరు ఏముంటుంది?

కొత్తదనం కావలసినవారికి యోబు కుమార్తెల పేర్లున్నాయి. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. మొదటిది పావురమని చెబుతారు. రెండవది దాల్చినచెక్క జాతి పరిమళద్రవ్యం. మూడవది కాటుక నింపిన కొమ్ము, అంటే మన కాటుక భరిణ! అర్థం ఎంత అందమైనదో శబ్దం తెలుగు నోటికి అంత కష్టం. "అప్పుకు" అన్నట్లు వినబడుతుందని ఎవరూ పెట్టుకోరు. యోబు కథ చివర ఒక విశేషం ఉంది. మళ్ళీ పుట్టిన ఏడుగురు కొడుకుల పేర్లు గ్రంథకర్త చెప్పలేదు, ముగ్గురు కూతుళ్ళ పేర్లు చెప్పాడు. అన్నదమ్ములతో పాటు వారికి స్వాస్థ్యం ఇచ్చాడనీ చెప్పాడు. సంఖ్యాకాండంలో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా మోషే ఎదుట నిలిచి మా తండ్రి భూమి మాకు ఇమ్మని అడుగుతారు, గెలుస్తారు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ కుటుంబాల ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు 1986 నాటి సవరణతో వచ్చింది, అమలు 1985 సెప్టెంబరు 5 నుంచి. భూమి కోసం 1940లలో తుపాకీ పట్టిన ఆడవాళ్ళున్న నేల మాది. నోయా, తిర్సా – రెండక్షరాల పేర్లు, పలకడానికి తేలిక, అర్థం కంటే కథ గొప్పది. నోయా ఇజ్రాయెల్‌లోనూ ఆడపిల్లలకు ఎంతో ఇష్టంగా పెట్టుకొనే పేరు. వీటిని నేను చాలామందికి సూచించాను.

"హిందూ పండితుడివి, పరాయి పేర్లకు ఇంత వత్తాసు ఎందుకు?" అని మిత్రుడొకరు అడిగారు. పరాయి ఏది? పాలకవీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. అక్కడి సైదులు బాబాకు మ్రొక్కుకొని పుట్టిన పిల్లలకు సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకోవడం మా ప్రాంతపు హిందువుల్లో తరతరాల ఆచారం. హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఏ బడి హాజరుపట్టీ తెరిచినా సైదులు లేకుండా ఉండేది కాదు. అరబ్బీ "సయ్యిద్" మాటకు తెలుగు బహువచనం లు, తెలుగు అమ్మ! అరబ్బీ, హీబ్రూ అక్కాచెల్లెళ్ళు. సైదమ్మను ఇంట్లో పెట్టుకొన్నవారికి రాహేలమ్మ పరాయిది ఎట్లా అవుతుంది? మా ముస్లిము ఇండ్లలో మర్యం, సారా, హాజిరా ఎప్పటినుంచో ఉన్నారు. కేథలిక్కుల్లో జేవియర్ శౌరి అయ్యాడు. శౌరి విష్ణువు పేరు కూడా! శౌరమ్మ అని పిలిస్తే ఎవరు ఎవరిని తలచుకొంటారో వారి ఇష్టం. ఇక కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం పేరు చూడండి. నైజాము రాజ్యంలో 1931లో ఒక ఆడపిల్లకు ఆ పేరు! అది దేవత కాదు, పువ్వు కాదు, నపుంసకలింగ భావవాచకం. పేరుకు కులం, మతం కంటే కోరిక ముఖ్యమని మా జిల్లా ఏనాడో నేర్చుకొంది.

నిజంగా హీబ్రూలో ప్రార్థన చేసే తెలుగువారు కూడా ఉన్నారు, చాలామందికి తెలియదు. కోదాడ దాటి కృష్ణ ఆవలికి పోతే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అని తమను పిలుచుకొనే కొన్ని కుటుంబాలున్నాయి. మాదిగ సమాజం నుంచి వచ్చినవారు, పూర్వం క్రైస్తవులు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశీయులమని వారి విశ్వాసం. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకొంటారు. వారిని గురించి యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ కలిసి వ్రాసిన పరిశోధన గ్రంథం 2013లో వచ్చింది. వంశం సంగతి చరిత్రకారులు తేల్చుకొంటారు. నాకు ఆసక్తి కలిగించింది మరొకటి. వారికి హీబ్రూ పేరు అంటే "మేమెవరం" అన్న ప్రశ్నకు జవాబు. మన ఫోను పట్టికల వారికి అది బారసాల నాటి అలంకారం.

అలంకారం అంటే నా విద్యార్థులకు కోపం రావచ్చు. వారి భయం నాకు తెలియనిది కాదు. ఇప్పుడు ఎస్తేరు దగ్గరికి వస్తాను. ఆ కథలో హదస్సా అనే యూదుల పిల్ల పారశీక రాజు అంతఃపురంలో ఎస్తేరు అన్న పేరుతో ఉంటుంది. పెంచిన మొర్దెకై మాట ప్రకారం తన జనమేదో, వంశమేదో ఎవరికీ చెప్పదు. రెండు పేర్ల ఆడపిల్ల. మా బడులు అటువంటి పిల్లలతో నిండి ఉండేవి. మందిరంలో రిబ్కా, బడి రికార్డులో రేణుక. మందిరంలో హన్న, బడిలో అనిత. కారణం అందరికీ తెలిసిందే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు ఉంది. క్రైస్తవానికి మారినవారికి లేదు. వారు మన రాష్ట్రాల్లో బీసీ-సి జాబితాలో ఒక్క శాతం రిజర్వేషను క్రిందికి వస్తారు. 2024 నవంబరులో పుదుచ్చేరి వ్యాజ్యమొకదానిలో సుప్రీం కోర్టు కూడా, బాప్తిస్మం పొంది క్రైస్తవాన్ని ఆచరిస్తున్నవారు ఉద్యోగం కోసం ఆ హోదా అడగరాదని తీర్పు చెప్పింది. చట్టం అడిగేది విశ్వాసాన్ని, పేరును కాదు. కాని కార్యాలయపు బల్ల ముందు నిలిచిన తల్లిదండ్రులకు పేరే మొదటి సాక్షిగా కనబడుతుంది. అందుకే కరుణ, కృప, శాంతి వంటి రెండు వైపులా చెల్లే పేర్లు అంతగా వ్యాపించాయి. కృప అంటే హన్నాయే, అనువాదం. గ్రీకులో దొర్కా అయిన స్త్రీ అరమేయికులో తబితా అని బైబిలే చెబుతుంది గనుక పేరును అనువదించుకోవడంలో దోషమేమీ లేదు. ప్రార్థించే చోటు మారినంత మాత్రాన ఊరిలో ఉండే చోటు మారలేదని తరగతి గదిలో నేను చూస్తూ వచ్చాను కనుక, కులం బాధ ఉన్నన్నాళ్ళు కులం హోదా ఉండాలనే నా పక్షం. భయపడి పేరు దాచుకొనేవారిని నేను ఏమీ అనను.

కాని ఆ దాచుకోవడం పిల్ల మీద ఎంత బరువో కూడా చూశాను. నేను పనిచేసిన ఒక బడిలో ఎస్తేరమ్మ అన్న పేరును చేర్చుకొనేటప్పుడే పెద్దసారు "ఈశ్వరమ్మ" అని వ్రాసుకొన్నారు. "ఇదయితే ఇంపుగా ఉంటుంది" అన్నారు. వారం రోజులు హాజరు పిలిస్తే ఆ పిల్ల పలకలేదు. ఎదురుగా కూర్చుని ఉండి గైర్హాజరు! ఎనిమిదో రోజున ప్రక్క పిల్ల మోచేతితో పొడిచాక "హాజర్ సార్" అన్నది. ఆ గొంతు నేను మరచిపోలేదు. పదో తరగతి మెమోలో ఇప్పటికీ ఆమె ఈశ్వరమ్మే.

ఇకముందు రెండు పేర్ల సర్దుబాటు అంత తేలిక కూడా కాదు. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడి చేరిక నుంచి ఓటరు జాబితా, పాస్‌పోర్టు వరకు పుట్టిన తేదీకీ చోటుకూ జనన ధ్రువపత్రమే ఆధారం. జననం 21 రోజుల్లో తెలియజేయాలి. పేరు వెంటనే వ్రాయించనక్కరలేదు, తరువాత చేర్చుకోవచ్చు. కాబట్టి తొందరపడి ఆసుపత్రి వరండాలో ఫోను చూసి పేరు వ్రాయించకండి. ఆ వ్యవధిలో నాయనమ్మ దగ్గర ఒక పూట కూర్చోండి. ఆమెకు ఆ పేరు ఎవరు పెట్టారు, ఎవరు ఎట్లా పిలిచేవారు అని అడగండి. బీసీ-సి పత్రం చేతిలో ఉండి, బాహాటంగా మందిరానికి పోయే ఇంట్లో – నా విద్యార్థినిది అటువంటి ఇల్లే – పిల్లకు ఒక్క పేరే చాలు, మందిరానికీ బడికీ అదే.

రాహేలు అని వ్రాయిస్తే ఇంగ్లీషు లిపిలో ఎట్లా అన్నది చివరి అభ్యంతరం. అమెరికా పోతే నవ్వుతారట. ఆర్, ఏ, హెచ్, ఈ, ఎల్ – నడుమ సి లేకుండా వ్రాయించండి. ఎవరు చదివినా రాహెల్ అనే చదువుతారు. జర్మనీలో ఈనాటికీ ఆ పేరు ఆ అయిదు అక్షరాలతోనే వ్రాస్తారు; లూథర్ జర్మను బైబిల్లోనూ అంతే, అంటే 1890 ప్రాంతంలో నల్లగొండలో దిగిన ఆ మెన్నోనైటులు తమ ఇంటి బైబిల్లో చదువుకొన్నదీ రాహెల్ అనే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కూడా ఒక్కచోట, యిర్మీయా 31వ అధ్యాయంలో రాహేలు తన బిడ్డల కోసం ఏడ్చేచోట, సి లేని ఆ అక్షరాలే పడి ఉన్నాయి.